సమాధానం: మొక్కజొన్న పసుపెక్కుతోంది, మళ్ళీ డీఏపీ వేయాలా?

అన్నా, నెల రోజుల పైరుకి షాపాయన చెప్పాడని డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే ఎరువు), జింక్ కలిపి చల్లేద్దామంటున్నారు, దయచేసి ఆగండి. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, అందుకే విత్తేటప్పుడే వేరు దగ్గర పడాలి, ఇప్పుడు పైన చల్లితే చాలావరకు అక్కడే ఉండిపోతుంది, పైగా జింక్‌తో కలిస్తే రెండూ మొక్కకి సరిగ్గా అందవు.

ముందు ఏ ఆకు పసుపైందో చూడండి. కింది ముదురాకు కొన నుంచి మధ్య ఈనె వెంబడి వి ఆకారంలో పసుపొస్తే నత్రజని లోపం. దానికి యూరియా చాలు, అందులో 46 శాతం నత్రజని ఉంటుంది, డీఏపీలో 18 శాతమే, మిగతా డబ్బంతా భాస్వరానికే పోతుంది. తేమ ఉన్నప్పుడు మొక్క పక్కన వేసి మట్టి కప్పేయండి, పైన వదిలేస్తే కొంత గాలిలో కలిసిపోద్ది. అదే పై లేతాకుల్లో ఆకు మొదలు వైపు తెల్లటి పట్టీలు కనిపిస్తే జింక్ లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ విడిగా స్ప్రే చేయండి, పురుగుమందుతో కలపొద్దు.

అసలు చేలో నీళ్ళు నిలిచి ఉన్నాయా? ఉంటే ముందు అవి తీసేయండి, వేరుకి గాలాడకపోతే ఏ ఎరువేసినా తీసుకోలేదు. ఆకు ఫొటో పెట్టండి, చూసి చెప్తా.