పక్కింటి కుక్కను సరిగ్గా చూడట్లేదనిపిస్తే అడగాలా? అడగాలి, కానీ ఇలా

పక్కింటివాళ్ల ల్యాబ్రడార్ పొద్దస్తమానం డాబా మీద గొలుసుతోనే ఉంటోందని, నడుము ఎముకలు బయటపడ్డాయని, రాత్రుళ్లు ఏడుస్తోందని రాశారు. మీరు అద్దెకుంటున్నారు, వాళ్లేమో మీ ఇంటి ఓనర్‌కి చుట్టాలు. అడిగితే గొడవవుతుందేమోనని మీ టెన్షన్.

నా మాటైతే అడగమనే. మనింట్లో పెద్దవాళ్లు "మనకెందుకులే" అంటారు. మనుషుల గొడవల్లో ఆ మాటకి కొంత అర్థం ఉంది, వాళ్లు రేపు వాళ్లే మాట్లాడుకుంటారు. కట్టేసిన కుక్కకు ఆ దారి లేదు, దాని తరఫున అడగాల్సింది చూసినవాళ్లే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మీరు అడిగొచ్చాక కూడా ఆ కుక్క ఆ ఇంట్లోనే ఉంటుంది. మీ మీద కోపం వస్తే ఆ కోపం తీరేది దాని మీదే. అందుకే గట్టిగా నిలదీసే ఆలోచన పెట్టుకోకుండా వెళ్లండి.

మేముండేది హైదరాబాద్‌లోని మల్కాజిగిరిలో. మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య, సీజర్ అనే ల్యాబ్రడార్ ఉండేవాళ్లు. ఒక ఎండాకాలం సీజర్ చూస్తుండగానే తగ్గిపోయాడు. పోర్టికోలో పిల్లర్‌కి కట్టేసి ఉండేవాడు, మనిషి గేటు దగ్గరికొచ్చినా లేచేవాడు కాదు. వీధిలో అందరూ చూశారు, అందరూ తిట్టుకున్నారు. "తిండి పెట్టలేనప్పుడు కుక్కనెందుకు పెంచాలి" అని కూరగాయల బండి దగ్గర అనుకోవడం నేనే విన్నాను.

ఒక ఆదివారం పొద్దున వెళ్లి గేటు కొట్టాను. "అంకుల్, సీజర్ ఈమధ్య బాగా తగ్గినట్టున్నాడు, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను, అంతే. ఆయన లోపలికి రమ్మని కూర్చోబెట్టారు. ఆంటీకి కిడ్నీలు పాడయ్యాయట. వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లారకముందే ఆస్పత్రికి బయల్దేరితే మధ్యాహ్నం దాటాక గానీ తిరిగి రారు. సీజర్‌ని రోజూ బయటికి తిప్పింది ఆంటీయే. ఆవిడ మంచాన పడ్డాక వాడు తిండి మానేశాడని, దిగులు పెట్టుకున్నాడని అంకుల్ నమ్మారు. గిన్నెలో అన్నం పెడుతూనే ఉన్నారు, వాడే ముట్టట్లేదు.

పశువుల డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తానన్నాను. అంకుల్ కూడా ఆటో ఎక్కారు. డాక్టర్ చెవుల వెనక, కాలి వేళ్ల సందుల్లో చూసి గోమార్లు తీసి చూపించారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. టిక్ ఫీవర్. మన ఊళ్లో కుక్కలకు ఇది మామూలుగా వచ్చే జబ్బే. గోమార్లు కుడితే వస్తుంది, జ్వరం, నీరసం, తిండి మీద అయిష్టం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అంటే వీధంతా ఆకలి అనుకున్నది జ్వరం. ముసలి కుక్కల్లో కిడ్నీ జబ్బున్నా, షుగరున్నా కూడా ఇలాగే, తింటున్నా చిక్కిపోతాయి. ఎముకలు కనబడగానే "తిండి పెట్టట్లేదు" అని తేల్చేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నీళ్ల సంగతి కూడా అక్కడే అర్థమైంది. అంకుల్ రోజూ పొద్దున్నే ప్లాస్టిక్ గిన్నె నిండా నీళ్లు పోసి వెళ్లేవారు. సీజర్ లేచి తిరిగినప్పుడు గొలుసు తగిలి గిన్నె బోర్లాపడేది. మే నెలలో మన ఊళ్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, వాడికి సాయంత్రం దాకా చుక్క నీళ్లుండేవి కావు. నర్సరీలో దొరికే బరువైన సిమెంటు తొట్టి ఒకటి తెచ్చి నీడపట్టున పెట్టాం, ఆ సమస్య తీరిపోయింది. మీ పక్కింటి డాబా మీద కూడా ముందు ఈ రెండూ చూడండి: నీళ్ల గిన్నె నిలబడుతోందా, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీడ ఎటు పడుతోంది. పొద్దున నీడగా ఉన్న మూల మధ్యాహ్నానికి పెనం అయిపోతుంది.

వాకింగ్‌కి మా వీధిలోనే ఇంటర్ చదివే అబ్బాయిని కుదిర్చాం, అంకుల్ నెలనెలా డబ్బులిచ్చేవారు. తర్వాత ఒకసారి ఆంటీ నాతో అంది: "అందరూ మా గేటు వైపు అదోలా చూసుకుంటూ పోయారే గానీ, లోపలికొచ్చి అడిగింది నువ్వేనమ్మా." ఆ మాట విన్నప్పుడు నాకు ఆ వీధి మీద కోపమే వచ్చింది, ఇప్పటికీ ఉంది.

అన్ని ఇళ్లూ అలా ఉండవు. మా వెనక వీధి అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకుండి హస్కీ కుక్కని తెచ్చారు. సైబీరియా చలికి పుట్టిన జాతి, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. దాన్ని పడమటి ఎండ కొట్టే బాల్కనీలో పెట్టి తలుపేసుకుని ఆఫీసులకు పోయేవాళ్లు. శుభ్రం చేసేవాళ్లు కాదు. మర్యాదగానే అడిగాను, "మీ పని మీరు చూసుకోండి" అన్నారు. సాయం చేస్తామన్నాం, తలుపు మొహం మీదే వేశారు.

అప్పుడు చట్టం దాకా వెళ్లాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో సెక్షన్ 11 ఉంది. యజమాని చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని నడిపించకపోవడం కూడా నేరమేనని అందులో విడిగా రాసి ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. కానీ మొదటిసారి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలే. అరవై ఏళ్లు దాటిన చట్టంలో ఇంకా ఆ అంకెలే ఉండటం నాకు చాలా బాధగా ఉంటుంది. జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

జరిమానా చిన్నదైనా కాగితానికి బలముంది. మా డాబా మీదినుంచి కనబడినంత వరకు తేదీలతో ఫొటోలు తీశాం, వాళ్ల బాల్కనీలోకి తొంగిచూడలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి లెటర్ ఇచ్చాం. జంతువుల కోసం పనిచేసే వాలంటీర్ ఒకామెను వెంటబెట్టుకుని, సెక్షన్ 11 ప్రింట్ తీసుకుని స్టేషన్‌కి వెళ్లాం. "కుక్క కోసం కంప్లయింటా?" అన్నారు మొదట. ప్రింట్ చదివాక కానిస్టేబుల్‌ని పంపారు. యూనిఫాం గుమ్మంలో కనబడగానే ఆ అబ్బాయిల గొంతు మారింది. కుక్కని వదులుకుంటున్నామని వాళ్ల చేతే రాయించి సంతకాలు తీసుకున్నాం. ఈ కాగితం లేకుండా ఎప్పుడూ కుక్కని తీసుకురాకండి. కుక్క చట్టం దృష్టిలో ఆస్తి, రేపు దొంగతనం కేసు మీ మీదే పెట్టగలరు.

కొన్ని పనులు మాత్రం వద్దు. రాత్రిపూట గొలుసు విప్పేయొద్దు, రోడ్డెక్కిన పెంపుడు కుక్కని వీధికుక్కలు చీల్చేస్తాయి, లేదా బండ్ల కింద పడుతుంది. గోడ మీదినుంచి తిండి విసరొద్దు. మిగిలిన బిర్యానీయే కదా అనుకుంటాం, అందులోని ఉల్లిపాయ కుక్కలకు విషం, ఉడికిన చికెన్ ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. జబ్బు కుక్కైతే డాక్టర్ చెప్పిన పథ్యం కూడా పోతుంది. వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పరువు పోయిందనుకున్న మనిషి కుక్కని కారెక్కించి ఔటర్ రింగ్ రోడ్ దగ్గర వదిలేసి వచ్చే ప్రమాదం ఉంది.

ఆగకూడని సందర్భం ఒకటుంది. కుక్క నాలుక బయటేసి ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతోందంటే వడదెబ్బ. గాయంలో పురుగులు కనబడినా అంతే. అప్పుడు మొహమాటం లేకుండా తలుపు కొట్టండి. వడదెబ్బైతే నీడలోకి తెచ్చి మామూలు కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాన్ గాలి తగలనిచ్చి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్లు వద్దు. ఖర్చుకి వెనకాడేవాళ్లైతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ జూబ్లీహిల్స్‌లో ఉంది. కాకపోతే షెల్టర్ అన్నది ఆఖరి దారి. ఎక్కడైనా సరే, ఇంట్లో పెరిగిన కుక్కకి అంతమంది కుక్కల మధ్య ఉండటం కష్టమే.

ఇక మీ అద్దె సంగతి. ఓనర్‌కి ఫిర్యాదు చేసినట్టు చెప్పొద్దు, ముందుగా ఆయన చెవిన వేయనూ వద్దు, మీ మాట వాళ్లకి ఇంకోలా చేరుతుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లతో మీకు కాస్త పలకరింపు ఉంటే ఆవిడ దగ్గరే మొదలుపెట్టండి. "వాడికి ఒంట్లో బాగాలేదేమో అక్కా, నేను శనివారం ఖాళీ, కావాలంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం" అనండి. రోజూ మీదే ఖర్చు, మీదే తిరుగుడు అయ్యేలా మాటివ్వకండి, చేయగలిగిన ఒక్క పని చెప్పండి చాలు. వెళ్లొచ్చాక దాని వయసెంత, తింటోందా లేదా, ఒంటి మీద గోమార్లు ఉన్నాయా అన్నది ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయొచ్చో చూద్దాం.