ఎడిటర్‌లో ఆటో ఇండెంటేషన్ సరిగా రావాలంటే ఏం చేయాలి?

ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ఎడిటర్ తనకు తోచిన చోట కర్సర్ పెడుతోంది, దాన్ని ఇంకా తెలివిగా ఎలా చేయాలి అని అడిగారు. నన్నడిగితే దానికున్న తెలివినే కాస్త తగ్గించాలి. ఒకసారి గట్టిగా దెబ్బతిని చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం, రాత్రి పదకొండు దాటాక, సర్వర్‌లో పాత బ్యాకప్‌లు తీసేసే పైథాన్ స్క్రిప్ట్ పెట్టాల్సి వచ్చింది. ఓ నలభై లైన్లు ఉంటుంది, నా దగ్గర బాగా నడుస్తున్నదే. టెర్మినల్‌లో విమ్ అనే ఎడిటర్ తెరిచి పేస్ట్ చేశాను. కోడంతా మెట్లు మెట్లుగా కుడికి జరిగిపోయి స్క్రీన్ అంచు దాటింది. ఆ లైన్లలో ఖాళీలు ముందే ఉన్నాయి. ఆటోఇండెంట్ అనే సెట్టింగ్ మాత్రం నేనే టైపు చేస్తున్నాననుకుని, పై లైను ఖాళీలు కూడా తెచ్చి కలిపింది.

అంతా చెరిపి, ఆటోఇండెంట్ ఆపి మళ్లీ పేస్ట్ చేస్తే సరిపోయేది. నిద్రమత్తులో ఒక్కో లైనూ ఎడమకు లాగుతూ కూర్చున్నాను. ఫైలు వయసు 30 రోజులు దాటితే అనే ఇఫ్ కింద రెండు లైన్లు: ఒకటి పేరు ప్రింట్ చేస్తుంది, రెండోది ఫైలు తీసేస్తుంది. ఆ రెండోదాన్ని ఒక మెట్టు ఎక్కువ లాగాను. పైథాన్‌లో ఏ లైను దేని లోపలిదో ఎడమ ఖాళీలే చెబుతాయి కాబట్టి, అది ఇఫ్ దాటి, ప్రతి ఫైలుకూ నడిచే ఫర్ లూప్‌లో పడింది. పైథాన్‌కు అందులో తప్పేమీ కనపడదు, కిమ్మనకుండా నడిపేసింది. ప్రింట్ అయినవి ఆరు పేర్లు. పోయినవి ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ, ఆ సాయంత్రం తీసిన బ్యాకప్‌తో సహా. ఆరు పేర్లూ చూసుకుని హాయిగా పడుకున్నాను కూడా!

పేస్ట్‌కు ముందు ‘సెట్ పేస్ట్’ అని కొట్టి ఉంటే ఇదంతా లేదు. ఇప్పటి విమ్‌లో బ్రాకెటెడ్ పేస్ట్ ఉంది, అంటే వస్తున్నది టైపు చేసినది కాదు, పేస్ట్ అని టెర్మినలే చెబుతుంది కాబట్టి, టెర్మినల్ సహకరిస్తే అదీ అక్కర్లేదు.

ఇక విమ్‌లోని స్మార్ట్‌ఇండెంట్ సెట్టింగ్. పేరు చూసి మోసపోకండి, అది సీ లాంటి భాషల కోసం పెట్టింది. పైథాన్‌లో కామెంట్ రాద్దామని హాష్ కొడితే, హాష్‌తో మొదలయ్యే సీ ప్రీప్రాసెసర్ లైను (కంపైల్‌కు ముందు చూసే ఆదేశం) అనుకుని మొదటి కాలమ్‌కు విసిరేస్తుంది. తీసేసి ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ పెట్టుకోండి, ఏ భాషకు ఆ భాష నియమాలు వస్తాయి. అవీ చాలావరకు పై లైన్లు చూసి వేసే అంచనాలే. ట్రీ-సిట్టర్ అనే లైబ్రరీ నయం, సగం టైపు చేసిన కోడ్‌ను కూడా చెట్టులా విడదీసి చూస్తుంది. 2023లో వచ్చిన ఈమాక్స్ 29 ఎడిటర్‌లో దానికి సపోర్ట్ లోపలే ఉంది. అదైనా నా మనసులో ఆ లైను ఇఫ్ లోపలిదో బయటిదో ఎలా చెబుతుంది?

సీ వాళ్లది ఇంకో తంటా. ఆపిల్ ఎస్ఎస్ఎల్ కోడ్‌లో (ఇంటర్నెట్ కనెక్షన్‌ను భద్రంగా ఉంచేది) ‘గోటూ ఫెయిల్’ అనే లైను రెండుసార్లు పడిందని 2014లో బయటపడింది. ఇండెంట్ చూస్తే రెండోదీ ఇఫ్ లోపల ఉన్నట్టే ఉంటుంది, సీలో ఖాళీలకు విలువ లేదు కాబట్టి కంపైలర్‌కు మాత్రం అది బయటే. దాంతో ఓ ముఖ్యమైన సంతకం తనిఖీ జరగకుండానే దాటిపోయింది. తర్వాత జీసీసీ అనే కంపైలర్ 6వ వెర్షన్‌లో ఇలాంటి ఇండెంట్‌కు వార్నింగ్ పెట్టారు.

అందుకే నా ఎడిటర్ పై లైను ఖాళీలు కాపీ చేయడం వరకే. మిగతాది సేవ్ చేసినప్పుడు ఫార్మాటర్ (కోడ్‌ను ఒకే పద్ధతిలో సర్దే ప్రోగ్రామ్) చూసుకుంటుంది. అలాగని పాత ఫైళ్లన్నీ గిట్‌లో ఒక్క కమిట్‌లో (ఒక్కసారిగా నమోదయ్యే మార్పు) ఫార్మాట్ చేసి పారేయకండి. మా టీమ్‌లో ఒకాయన అదే చేశాడు, ఏ లైను ఎవరు మార్చారో చూద్దామని బ్లేమ్ కొట్టినా ఆయన పేరే. చేయక తప్పకపోతే ఆ కమిట్‌ను బ్లేమ్ లెక్కలోకి తీసుకోకుండా, గిట్‌లోని ఇగ్నోర్ రెవ్స్ ఫైల్‌లో రాసి పెట్టండి.

ట్యాబ్‌కు బదులు స్పేస్‌లు వచ్చే సెట్టింగ్ అన్ని ఫైళ్లకూ పెట్టేస్తే, ప్రోగ్రామ్ బిల్డ్ చేసే ఆదేశాలుండే మేక్‌ఫైల్ ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. దానికి నిఖార్సైన ట్యాబే కావాలి, కాబట్టి ఆ ఒక్కదాన్నీ మినహాయించండి.