పాపను 9వ తరగతికి దుబాయ్ తీసుకెళ్లాలా? ఫీజుకన్నా ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: మాది కాకినాడ. మా వారికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరుతున్నారు. జీతం నెలకు 14,000 దిర్హాలు. పిల్లల చదువుకు ఒక్కొక్కరికి ఏడాదికి 10,000 దిర్హాలు కంపెనీ ఇస్తుందట. పాప ఇక్కడ స్టేట్ సిలబస్‌లో 8, బాబు 2 చదువుతున్నారు. అక్కడ మేం చూసుకున్న సీబీఎస్ఈ స్కూల్లో 3వ తరగతికి 11,000, 9వ తరగతికి 15,000 దిర్హాల ఫీజు. బస్సుకు ఒక్కొక్కరికి 4,500. పాపను పది వరకు అక్కడ చదివించి, ఇంటర్‌కు కాకినాడ తెచ్చేద్దామనుకుంటున్నాం. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. ఏప్రిల్‌లో అందరం వెళ్లిపోవచ్చా?

జవాబు: బాబు విషయంలో పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదు. పాప సంగతి వేరు. ‘పది వరకు అక్కడ, ఇంటర్ ఇక్కడ’ అన్న మీ ఆలోచన చాలా కుటుంబాలు చేసేదే. కానీ మూడు దారుల్లో (12 దాకా అక్కడే చదివించడం, అసలు తీసుకెళ్లకపోవడం, మీరన్నది) ఎక్కువ నష్టం దాంతోనే.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాళ్లే స్థానికులు. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. కాకినాడ ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది కాబట్టి ఈ నాలుగేళ్లూ ఆ పరిధిలోనే గడవాలి. పాప 9, 10 దుబాయ్‌లో చదివి, ఇంటర్ రెండేళ్లూ కాకినాడలోనే చదివినా ఈఏపీసెట్‌లో స్థానికేతర అభ్యర్థే అవుతుంది. పదో తరగతి దాకా దుబాయ్ ఫీజులు కట్టి, మళ్లీ రెండు కాపురాలు పెట్టి, చివరికి పోటీ పడేది మిగిలిన 15 శాతం సీట్లకే. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే ఆ 15 శాతానికి అర్హత వచ్చే వీలుంది. ఈ నిబంధనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈమధ్య మారుతున్నాయి, అందుకని ఆ ఏడాది నోటిఫికేషన్ చూడకుండా దేన్నీ ఖాయమనుకోకండి.

ఎన్‌ఐటీల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ సొంత రాష్ట్రం కోటాకు 12వ తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే ఆధారం. విదేశంలో పాసైన భారతీయ విద్యార్థులకు మాత్రం పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామా చూస్తారు. పాస్‌పోర్టులో కాకినాడ చిరునామా ఉంటే, 12 దుబాయ్‌లో చదివినా తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా వర్తిస్తుంది. ఆ చిరునామా మార్చకండి. దీనికి తోడు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్‌ఐటీల్లో జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే విడిగా కొన్ని సీట్లున్నాయి. వాటికి ట్యూషన్ ఫీజు ఇక్కడి విద్యార్థులతో సమానం, కాకపోతే అప్పటికి మీ వారు ఇంకా గల్ఫ్‌లోనే పనిచేస్తూ ఉండాలి.

కాబట్టి స్కూలు వెతకడానికి ముందు మీ దంపతులు తేల్చుకోవాల్సింది ఎన్నేళ్లు ఉంటారన్నది. పాప 12 పూర్తయ్యేదాకా నాలుగేళ్లు ఉండేటట్లయితే ఏప్రిల్‌లో అందరూ వెళ్లండి, స్థానిక కోటా పోయిందనే లెక్క వేసుకుని డిగ్రీ ఫీజుకు వేరే నిధి మొదలుపెట్టండి. రెండు మూడేళ్లలో వచ్చేస్తామన్న ఆలోచనే ఉంటే మీరూ పిల్లలూ కాకినాడలోనే ఉండి, సెలవులకు వెళ్లి రావడం మంచిది. ‘ముందు వెళ్దాం, తర్వాత చూద్దాం’ అనుకోవడం ఈ వయసు పిల్లకు పనికిరాదు. ఒక ఏడాది ఆగి పదో తరగతికి చేర్పిద్దామన్నా కుదరదు: సీబీఎస్ఈలో 9లోనే బోర్డు దగ్గర పేరు నమోదవుతుంది, మామూలుగా నేరుగా 10లో చేర్చుకోరు. ఈ ఏప్రిల్ దాటితే మళ్లీ అవకాశం 11వ తరగతికే.

వెళ్లడమే ఖాయమైతే భాషల గురించి ముందే మాట్లాడుకోండి. అక్కడ తెలుగు రెండో భాషగా దొరకడం అరుదు. ఆరో తరగతి నుంచి మాత్రమే హిందీ చదివిన పిల్లకు హిందీ ‘ఎ’ కోర్సు బరువవుతుంది, తేలికైన ‘బి’ కోర్సు ఆ స్కూల్లో ఉందో లేదో కనుక్కోండి. దుబాయ్ ప్రైవేటు స్కూళ్లలో 9వ తరగతి వరకు అందరూ అరబిక్ చదవాల్సిందే. కొత్తగా వచ్చిన పిల్లలను మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టిస్తారా అనీ అడగండి. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు ఆగస్టు చివర్లో మొదలవుతాయి, ఫీజు ఎక్కువ. మీ బడ్జెట్‌కు అవి వద్దు.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను నియంత్రించేది కేహెచ్‌డీఏ. (అబుదాబి, షార్జాలకు వేరే సంస్థలున్నాయి. షార్జాలో చవకని ఇల్లు తీసుకుని అక్కడి స్కూల్లోనే చేర్పిస్తే నిబంధనలూ మారతాయి.) ప్రతి స్కూలుకూ తరగతివారీ ఫీజు పత్రం కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. స్కూలు చెప్పిన మాట కాకుండా ఆ పత్రంలోని అంకె తీసుకోండి. అందులో లేని తప్పనిసరి ఫీజు అడిగితే కట్టక్కర్లేదు. ఇష్టం వచ్చినట్టు పెంచడమూ కుదరదు: 2025-26లో ఫీజు పెంపుకు ఆధారమైన ఖర్చుల సూచీ 2.35 శాతం. అయితే పిల్లలు పై తరగతికి వెళ్తే ఫీజు దానంతటదే పెరుగుతుంది, పెంపుదలతో దానికి సంబంధం లేదు. తనిఖీ రేటింగ్ చూసేటప్పుడు తేదీ కూడా చూడండి. 2024-25లో పూర్తిస్థాయి తనిఖీలు ఆపారు కాబట్టి చాలా రేటింగులు పాతవే.

ఇక డబ్బు. ఏడాదికి ఫీజులు 26,000, బస్సులు 9,000, పుస్తకాలు, యూనిఫాం 3,000 అనుకుంటే మొత్తం 38,000 దిర్హాలు. కంపెనీ ఇచ్చే 20,000 పోను మీ వాటా 18,000, నెలకు 1,500. ఇది 14,000 జీతంలో మోయగలిగిందే. మీకు ఊపిరాడనిది ఏప్రిల్ ఒక్క నెలే. దరఖాస్తు ఫీజు ఒక్కొక్కరికి 500 వరకు ఉంటుంది. కొత్త విద్యార్థుల నుంచి ఏడాది ఫీజులో 10 శాతం డిపాజిట్, అంటే 2,600 దాకా తీసుకుంటారు, అది తర్వాత ఫీజులో సర్దుబాటవుతుంది. దరఖాస్తు ఫీజులు, మొదటి టర్ము ఫీజు, బస్సు (ఏడాదిలో మూడో వంతు), పుస్తకాలు కలిపితే స్కూలుకే దాదాపు 15,700. ఇల్లు ఏడాదికి 60,000 అద్దెకు నాలుగు చెక్కుల మీద (ఏడాది అద్దెకు ముందే రాసిచ్చేవి) దొరికిందనుకుంటే మొదటి చెక్కు 15,000, డిపాజిట్ 3,000, ఏజెంటుకు 3,000, కరెంటు-నీటి కనెక్షన్ డిపాజిట్ 2,000. వీసాలు, ఆరోగ్య బీమా, టికెట్లకు 8,000 పక్కన పెట్టండి. మొత్తం 47,000 దగ్గర తేలుతుంది.

దిర్హం డాలరుకు 3.6725 దగ్గర కట్టుబడి ఉంటుంది. డాలరు రేటును దాంతో భాగిస్తే దిర్హం విలువ వస్తుంది: డాలరు 88 రూపాయలుంటే దిర్హం దాదాపు 24. ఆ లెక్కన ఏప్రిల్ ఖర్చు 11 లక్షల పైమాటే. మీ వారు జనవరి నుంచి మార్చి దాకా షేరింగ్ గదిలో నెలకు 3,500తో గడిపితే 31,500 దిర్హాలు మిగులుతాయి. తక్కువ పడే 15,500 దిర్హాలకు ఎఫ్‌డీలోంచి 3.7 లక్షలు పంపాలి. మీరు ఇంకా ఇక్కడే ఉండగా మీ ఖాతా నుంచి పంపితే, ఏడాదికి 10 లక్షల లోపు కాబట్టి టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు.

ఆ 31,500లో పన్ను డబ్బు కూడా దాగుంది, మరవకండి. మీ వారు డిసెంబరు దాకా ఇక్కడే ఉన్నారు, అంటే ఈ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దాటిపోయాయి. పన్ను చట్టం దృష్టిలో ఆయన ఇంకా నివాసే, దుబాయ్‌లో తీసుకునే మూడు నెలల జీతం మీదా ఇక్కడ పన్ను లెక్కిస్తారు. అక్కడ ఆదాయపు పన్ను లేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. ఇక్కడి తొమ్మిది నెలల జీతంతో కలిపి లెక్క వేయించి, మార్చి 15లోగా అడ్వాన్స్ ట్యాక్స్ కట్టండి. ఎఫ్‌డీలో మిగిలిన 2.3 లక్షలను ముందు దీనికే కేటాయించండి.

ఉద్యోగం ప్రొబేషన్ ఆరు నెలల వరకు ఉండొచ్చు, అంటే ఏప్రిల్‌కు అది తీరదు. ఈలోగా ఉద్యోగం పోతే స్కూలు వైపు నష్టానికి హద్దుంది: రెండు వారాల్లోపు మానేస్తే ఒక నెల ఫీజు, నెల లోపైతే రెండు నెలలది, ఆపైన ఆ టర్ముది మొత్తం ఉంచుకుంటారు. అందుకే టర్మువారీగానే కట్టండి, రాయితీ ఇస్తామన్నా ఏడాదిది ఒకేసారి వద్దు. అసలు ముప్పు ఇంటి చెక్కులతో. ప్రొబేషన్ తీరేదాకా నెలవారీ అద్దెకు దొరికే గది చూడమనండి. ఆఫర్ లెటర్‌లో చదువు భత్యం గురించి రెండు సంగతులు రాయించుకోవాలి: స్కూలుకే నేరుగా కడతారా, లేక బిల్లు చూపాక ఇస్తారా, మధ్యలో ఉద్యోగం మానేస్తే వెనక్కి వసూలు చేస్తారా.

చివరి ఇబ్బంది టీసీతో. యూఏఈ అపోస్టిల్ (ఒక దేశం పత్రాలను ఒకే ముద్రతో మిగతా దేశాలు ఒప్పుకునే) ఒప్పందంలో లేదు కాబట్టి అపోస్టిల్ ముద్ర ఒక్కటీ చాలదు. హెడ్మాస్టర్ సంతకం మీద డీఈవో, ఆపైన రాష్ట్ర విద్యాశాఖ, మన విదేశాంగ శాఖ, యూఏఈ దౌత్య కార్యాలయం, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. ఎక్కువగా తిరిగొచ్చేది పేరు దగ్గరే: స్కూలు రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టీసీ ఇవ్వకముందే సరిచేయించండి, ‘9వ తరగతికి ఉత్తీర్ణురాలు’ అన్న మాట స్పష్టంగా రాయించండి. పరీక్షలయ్యాకే టీసీ వస్తుంది, ముద్రలకు వారాలు పడతాయి. అప్పటిదాకా హామీపత్రం మీద చేర్చుకుంటారా అని స్కూలును ఫిబ్రవరిలోనే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.