ఆ ఏడు ప్రశ్నలు ఎక్కడ పోతున్నాయి?

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడ పటమటలో ఉంటాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. బ్రిటన్‌లో నర్సుగా పనిచేయాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తున్నాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ వాళ్లకి లిజనింగ్‌లో, అంటే ఆడియో విని జవాబులు రాసే భాగంలో, 7 బ్యాండ్ స్కోరు కావాలి. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ 6 దగ్గరే ఆగిపోయింది. మిగతా మూడింటిలో కావలసిన స్కోరు వచ్చింది. కోచింగ్‌లో రోజుకో మాక్ టెస్ట్ పెట్టారు. నాలుగు నెలల్లో తొంభైకి పైగా రాశాను. 40కి 23, 25, 24... అక్కడక్కడే తిరుగుతున్నాను. ఆడియో మొదలవగానే టెన్షన్ వచ్చేస్తుంది. ఒక ప్రశ్న తప్పితే దాని వెనకే మూడు నాలుగు పోతాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. "ఇంక చాలమ్మా, ఇక్కడే ఉండు" అంటున్నారు నాన్నగారు. నా చెవికి ఇంగ్లిష్ ఎక్కదా?

జవాబు: అమ్మా, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నాను. నీ చెవికి ఏ లోపమూ లేదు. ఇన్నాళ్లూ నువ్వు చేసినది పరీక్ష రాయడం. వినడం నేర్చుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు. పేషెంటుకి రోజుకి పదిసార్లు బీపీ చూసినంత మాత్రాన బీపీ తగ్గదని నాకంటే నీకే బాగా తెలుసు. తొంభై మాక్ టెస్టులు తొంభైసార్లు బీపీ చూడటమే. మందు వేరే ఉంది.

ముందు లెక్క చూద్దాం. లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు. ప్రశ్నపత్రాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, దాదాపు 23 సరైతే 6, 30 సరైతే 7. అంటే నీకూ నీ ఉద్యోగానికీ మధ్య ఉన్నవి ఏడు ప్రశ్నలు. ఆ ఏడూ ఎక్కడ పోతున్నాయో కనిపెట్టాలి. చివరి పది మాక్ టెస్టుల కాగితాలు తీసి, తప్పు పోయిన ప్రతి జవాబు పక్కనా కారణం రాయి. మాట సరిగ్గానే వినిపించింది, రాయడంలో పోయింది అయితే ఒక గుర్తు. ఆ మాట నాకసలు తెలియదు అయితే ఇంకో గుర్తు. అంతకు ముందు ప్రశ్న గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను అయితే మరొకటి. ఆడియోలోని మాటలు రాసి ఉండే స్క్రిప్టు చూశాక "అయ్యో, ఈ మాట నాకు తెలుసే, వింటే మాత్రం పోల్చుకోలేదు" అనిపించినవి నాలుగో రకం. కాగితం మీద చదివితే ఇట్టే తెలిసే మాట, గాలిలో వస్తే జారిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్లో నేను ఎక్కువగా చూసింది ఈ నాలుగో రకమే. నీ ఉత్తరం చదివితే నీదీ అదే అనిపిస్తోంది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. ఎవరైనా నిన్ను "ఎక్కడికెళ్తున్నావమ్మా" అని అడిగితే అందులో మూడు మాటలున్నాయని నీకు తెలుసు. ఎక్కడికి, వెళ్తున్నావు, అమ్మా. తెలుగు పుస్తకంలో నేర్చుకుని వచ్చిన ఢిల్లీ మనిషికి మాత్రం అది తెగని పొడుగు దారంలా వినిపిస్తుంది. మనం సంధి చేసి మాట్లాడతాం కాబట్టి. ఇంగ్లిష్ వాళ్లూ సంధి చేస్తారు, రాసేటప్పుడు విడదీస్తారు, అంతే. 'చెక్ ఇట్ అవుట్' అని వాళ్ల నోట రాదు, 'చెకిటౌట్' అని వస్తుంది. 'ఫస్ట్ ఆఫ్ ఆల్' కాస్తా 'ఫస్టవాల్' అవుతుంది. 'నెక్స్ట్ డే'లో ట కారం మాయమై 'నెక్స్‌డే' అవుతుంది. మన బళ్లలో ఇంగ్లిష్ అంతా కంటితోనే నేర్పారు. సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి అంటూ తెలుగులో అంత కష్టపడి నేర్పిన మేము, ఇంగ్లిష్‌కీ అలాంటి కలయికలున్నాయని ఒక్క పీరియడ్ అయినా చెప్పి ఉండాల్సింది.

ఇంకోటి చూడు. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. బస్, రోడ్, లైట్ మన ఇళ్లకి రాగానే బస్సు, రోడ్డు, లైటు అయ్యాయి. ఇంగ్లిష్ మాట చాలాసార్లు హల్లు మీద ఆగుతుంది, అదీ చాలా మెల్లగా. 'టికెట్', 'టికెట్స్' మధ్య తేడా అంతా ఆ చివరి స్ మీదే ఉంది. అది వదిలేస్తే మార్కు పోతుంది. ఇక్కడ చెవి ఒక్కటే కాదు, వ్యాకరణమూ సాయం చేస్తుంది. ఖాళీకి ముందు 'ఎ' ఉంటే ఏకవచనం, 'టూ', 'మెనీ' ఉంటే బహువచనం అని ఆడియో మొదలవకముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవచ్చు. కంప్యూటర్ మీద రాస్తే మనసులో అనుకున్నా చాలు.

ఇక మందు. దాని పేరు నీకు రెండో తరగతి నుంచీ తెలుసు, ఉక్తలేఖనం. డిక్టేషనే.

నాకు దాని విలువ తెలిసింది పెద్దయ్యాకే. గుంటూరులో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి రిటైరై, మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. ఒకరోజు మోకాలి నొప్పికి ఒక్కదాన్నే క్లినిక్‌కి వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి ఏదో అడిగింది. నాకు 'డైట్' అని వినిపించింది. ఏం తింటానో చెప్పబోయాను. ఆమె మళ్లీ అడిగింది, మళ్లీ 'డైట్'. మూడోసారి క్యాలెండర్ చూపించింది. ఆమె అడిగింది 'డేట్', పుట్టిన తేదీ. ఆస్ట్రేలియాలో చాలామంది నోట ఏ కారం ఐ కారానికి దగ్గరగా పలుకుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి అక్కడి రేడియో వార్తల్లో రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఆపుకుంటూ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. నెలన్నర తర్వాత అదే కౌంటర్‌లో అదే అమ్మాయితో వాన గురించి మాట్లాడాను.

నువ్వు ఇలా చెయ్యి. బీబీసీ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, స్క్రిప్టుతో సహా. లేదా నువ్వు రాసేసిన మాక్ టెస్టుల ఆడియోలే తీసుకో, కొత్తవి కొనకు. అందులో ఒక్క నిమిషం చాలు. మొదట పెన్ను పట్టుకోకుండా ఆ నిమిషం మొత్తం విను, దేని గురించి మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు. తర్వాత ఐదారు మాటలు విని ఆపు, రాయి. పోల్చుకోలేకపోతే మళ్లీ విను. మూడుసార్లకీ తెలియకపోతే ఆ చోట గీత గీసి ముందుకి పో. నిమిషం పూర్తయ్యాక స్క్రిప్టు తీసి ఎర్ర పెన్నుతో దిద్దుకో.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఎర్ర గీతలున్న చోట్లకి వెనక్కి వెళ్లి, స్క్రిప్టు మీద కన్ను పెట్టి మళ్లీ విను. "ఓహో, 'వెయిట్ ఫర్ హిమ్' అంటే ఇలా 'వెయిట్ఫరిమ్' అయిందా" అని చెవికి పరిచయం చెయ్యి. ఆ తర్వాత ఆడియోలోని గొంతుతో పాటు నువ్వూ పైకి అను, అదే వేగంతో, అదే విరుపుతో. నీ నోరు చేయగలిగిన శబ్దాన్ని నీ చెవి తొందరగా పోల్చుకుంటుంది. మొదట్లో ఒక్క నిమిషానికి అరగంట పడుతుంది. బాధపడకు. మూడు వారాలు పోయాక ఎర్ర గీతలు తగ్గడం నీకే కనిపిస్తుంది. ఎర్రబడిన మాటలన్నీ నోటుబుక్కు చివరి పేజీల్లో విడిగా రాసుకో. అవే మళ్లీ మళ్లీ వస్తాయి.

నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాగానే మాత్రం ఇది చేయకు. ముందు నిద్రపో. అలసిన చెవి ఏమీ నేర్చుకోదు. బస్సులో, వంట చేస్తూ వినాలనుకుంటే అంతకు ముందు రాసి దిద్దుకున్న ముక్కలే విను. గుంటూరు బస్సెక్కితే మంగళగిరి, కాజ దాటేలోపు అలాంటివి ఎన్నో వినొచ్చు. కొత్తవి మాత్రం కూర్చుని వినాల్సినవే.

అంకెల విషయం నీకు వార్డులో అనుభవమే. ఫోన్‌లో డాక్టరుగారు 'ఫిఫ్టీన్ ఎంజీ' అన్నారా 'ఫిఫ్టీ ఎంజీ' అన్నారా అని అనుమానం వస్తే "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా" అని అడిగి గాని మందు ఎక్కించవు కదా. పరీక్షలో ఆడియో ఒక్కసారే వస్తుంది, మళ్లీ అడగడానికి మనిషి ఉండడు. అందుకని మాటలో ఏ భాగాన్ని గట్టిగా ఒత్తి పలికారో విను. ఫిఫ్టీలో ఆ ఒత్తిడి మొదటి అక్షరం మీద పడుతుంది, టీ పొట్టిగా ఉంటుంది. ఫిఫ్టీన్‌లో మామూలుగా టీన్ మీద పడి అది సాగుతుంది. లిజనింగ్ మొదటి భాగంలో ఇద్దరు మామూలు విషయాలు మాట్లాడుకుంటారు. పేరు, ఫోన్ నంబరు, తేదీ అక్కడే వస్తాయి. 'ట్యూస్‌డే' అని చెప్పి వెంటనే 'నో, సారీ, వెడ్నెస్‌డే' అని దిద్దుకుంటారు కూడా. మొదట విన్నది రాసేసి చెవి మూసేసుకోకు. సున్నాని 'ఓ' అంటారు. అమెరికా వాళ్లయితే జెడ్‌ని 'జీ' అంటారు, అది 'జి' అనుకునే ప్రమాదముంది. బ్రిటిష్ వాళ్ల 'కాంట్'లో దీర్ఘం వినిపిస్తే అది 'చేయలేను' అని.

యాసల గురించి ఇంతకంటే భయపడకు. శ్రీకాకుళం మాట, చిత్తూరు మాట వేరైనా మనకి అర్థమవుతాయి కదా. ఎక్కువ విన్నాం, అంతే. వారంలో ఒక రోజు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గొంతులు కూడా రాసుకో.

ఇక ఒకటి పోతే నాలుగు పోవడం. నీకు నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఇక్కడే కావచ్చు. 14వ ప్రశ్న జవాబు దాటిపోయిందని తెలియగానే మనసు అక్కడే కూర్చుంటుంది, ఆడియో మాత్రం 15, 16 దాటేస్తుంది. దీనికి విడిగా సాధన కావాలి. కళ్లు ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద ఉండాలి, ఇప్పుడు నడుస్తున్నదీ, తర్వాతదీ. తర్వాత ప్రశ్నలోని ముఖ్యమైన మాట చెవిన పడిందంటే పాతది అయిపోయినట్టే. ఖాళీ వదిలి ముందుకి వచ్చెయ్. ఇంట్లో సాధన చేసేటప్పుడు కావాలనే ఒక ప్రశ్న వదిలేసి, తర్వాతది పట్టుకోవడం అలవాటు చేసుకో. నాలుగో భాగంలో ఇది ఇంకా ముఖ్యం. అది ఒక్కరే ఇచ్చే ఉపన్యాసం, మధ్యలో విరామం ఉండదు. జవాబు తప్పితే మార్కు కోయరు కాబట్టి చివర్లో ఆ ఖాళీలన్నీ ఊహించి అయినా నింపు. కంప్యూటర్ పరీక్షలో సరిచూసుకోవడానికి చివర 2 నిమిషాలే ఇస్తారు.

మూడో భాగంలో కొందరు చదువు గురించి మాట్లాడుకుంటారు. మూడింటిలో ఒక జవాబు ఎంచుకోమనే ప్రశ్నల్లో ఆ మూడింటి ప్రస్తావనా తరచు ఆడియోలో వినిపిస్తుంది. వినిపించిన మాట గుర్తు పెట్టడం కాదు, మాట్లాడేవాళ్లు చివరికి దేనికి ఒప్పుకున్నారో చూడాలి.

మాక్ టెస్ట్ వారానికి ఒక్కటే రాయి, ఆదివారం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. రెండు మూడు నెలలు ఇలా చేశాకే పరీక్షకి డబ్బు కట్టు. ఓఈటీ అని వైద్యరంగం వాళ్ల కోసమే ఉన్న పరీక్షని కూడా ఆ బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. దాని లిజనింగ్‌లో 42 ప్రశ్నలు, అంతా పేషెంట్లు, వార్డులు, డాక్టర్ల మాటలే. ఒకసారి దాని నమూనా పత్రం రాసి చూడు, నీకు అదే నప్పవచ్చు. నాన్నగారికి ఆ ఎర్ర గీతల నోటుబుక్కు చూపించు. మొదటి పేజీ, ఇరవయ్యో పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తే నువ్వు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో ఉంటాను, బీటెక్ మూడో ఏడు. ఇంగ్లిష్ సినిమాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే లిజనింగ్ వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: తెలుగు సబ్‌టైటిల్స్ అయితే రాదు బాబూ, నువ్వు తెలుగు చదువుతావు, చెవి నిద్రపోతుంది. ఇంగ్లిష్‌వి అయితే కొంత మేలే. కానీ ముందు రెండు నిమిషాల సన్నివేశం అవి తీసేసి చూడు, తర్వాత పెట్టి చూడు, మళ్లీ తీసేసి చూడు. మూడోసారి వినిపించేదే నీకు మిగిలేది. మిగతా సినిమా హాయిగా చూసుకో.

ప్రశ్న: మంగళగిరి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి ఎడమ చెవి సరిగా వినిపించదు, మెషీన్ పెట్టుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే భయపడుతోంది. ఏమైనా వెసులుబాటు ఉందా?

జవాబు: ఉందండీ. వినికిడి లోపం ఉన్నవాళ్లకి ప్రత్యేక ఏర్పాట్లు చేస్తారు. అయితే పరీక్ష రోజున అడిగితే కుదరదు. స్లాట్ బుక్ చేయకముందే పరీక్షా కేంద్రానికి మెయిల్ రాసి, చెవి డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయండి. కొన్ని ఏర్పాట్లకి నెలల వ్యవధి కావాల్సి ఉంటుంది కాబట్టి ఈ వారమే రాయండి. తన మెషీన్ పెట్టుకుని హెడ్‌ఫోన్స్ వాడటం కుదురుతుందా లేదా అన్నదీ అదే మెయిల్‌లో అడగండి. అమ్మాయిని ఇప్పటి నుంచే ఇంట్లో కూడా మెషీన్ పెట్టుకునే సాధన చేయమనండి.