ఐదో నెల వచ్చినా మెడ నిలపట్లేదు.. థెరపీకి పాప పెద్దయ్యే వరకు ఆగాలా?

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. డౌన్ సిండ్రోమ్ అని పుట్టిన కొత్తలో చేసిన క్యారియోటైప్ (క్రోమోజోమ్‌ల) పరీక్షలో తేలింది. ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. మెడ ఇంకా నిలపట్లేదు. పాలు తాగుతూ మధ్యలోనే అలసిపోయి నిద్రపోతుంది. స్టెతస్కోప్ పెట్టి చూసి, గుండెలో తేడా ఏమీ వినపడట్లేదని డాక్టర్ చెప్పారు. థెరపీ కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చని ఇంట్లో అంటున్నారు. ఆగవచ్చా? మెదడు ఎదగడానికి మందులున్నాయా? – ఒక తల్లి

జవాబు: ఆగకండి, థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి. కానీ దానికంటే ముందు గుండె సంగతి తేల్చుకోవాలి. పాప పాలు తాగుతూ అలసిపోవడం కండరాల పట్టు తక్కువ కావడం వల్లే కావచ్చు. అయితే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. పెద్ద రంధ్రం ఉన్నా మొదటి నెలల్లో స్టెతస్కోప్‌కు ఏమీ వినపడకపోవచ్చు. అందుకే ఈ పిల్లలందరికీ ఎకో పరీక్ష (గుండె స్కాన్) తప్పనిసరి. మీరు దాని గురించి రాయలేదు. చేయించకపోయి ఉంటే ఈ వారంలోనే చేయించండి. గుండె గదుల మధ్య గోడలో పెద్ద లోపం ఉంటే సాధారణంగా ఆరు నెలల లోపే ఆపరేషన్ చేస్తారు. బాగా ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు దెబ్బతిని, ఆపరేషన్‌కే వీలు లేకుండా పోవచ్చు. పాలు తాగేటప్పుడు చెమటలు పట్టినా, ఆయాసపడినా, పెదవులు నీలంగా మారినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రతిదాన్నీ డౌన్ సిండ్రోమ్ ఖాతాలో వేసేయడం మనకు బాగా అలవాటు. మందకొడితనం, మలబద్ధకం థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా వస్తాయి. అదైతే మాత్రతో సరిపోతుంది. థైరాయిడ్ పరీక్ష పుట్టగానే ఒకసారి, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయాలి. వినికిడి కూడా అంతే. ఈ పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరడం చాలా మామూలు. పుట్టినప్పుడు పరీక్ష బాగానే ఉన్నా ఆరో నెలలో మళ్లీ చేయించాలి. చెవి సరిగా వినపడక మాటలు రాకపోతే ‘వీళ్లకు మాటలు ఆలస్యమేలే’ అని సరిపెట్టుకుంటారు. శుక్లం, మెల్ల ఉన్నాయేమో ఆరు నెలల లోపు కంటి డాక్టర్‌కూ చూపించండి.

ఇక థెరపీ. ఫిజియోథెరపిస్ట్ వారానికి ఒకటి రెండుసార్లు చూస్తారు, మిగతాదంతా మీ చేతుల్లోనే ఉంటుంది. గుండె డాక్టర్ సరేనన్నాక, పాప మెలకువగా ఉన్నప్పుడు రోజుకు చాలాసార్లు, రెండు మూడు నిమిషాల చొప్పున బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా మీ ముఖం ఉంచి మాట్లాడండి. మెడ నిలపడానికి ఇంతకంటే మంచి వ్యాయామం లేదు. కీళ్లు వదులుగా ఉంటాయి కాబట్టి చేతులు పట్టుకుని పైకి లాగొద్దు. చంకలో వేసుకునేటప్పుడు కాళ్లు మరీ వెడల్పుగా చాపనివ్వొద్దు. వాకర్ అసలే వద్దు. పాలు పట్టేటప్పుడు తల కాస్త ఎత్తులో ఉంచి, గడ్డం కింద వేలు ఆనించి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టండి.

సగటున ఈ పిల్లలు రెండేళ్లకు అటూ ఇటూగా నడుస్తారు, కొందరికి మూడేళ్లూ పడుతుంది. పక్కింటి పాపతో పోల్చి టెన్షన్ పడొద్దు. మాటలు రావడానికి చాలా ముందే అర్థం చేసుకోవడం వస్తుంది. కాబట్టి మాటతో పాటు ‘పాలు’, ‘ఇంకా’, ‘రా’ లాంటి వాటికి చేతి సైగలు కూడా చేస్తూ ఉండండి. సైగలు నేర్పితే మాటలు రావన్నది అపోహ.

మెదడు ఎదుగుదలకు మందు లేదు. టానిక్‌లు, మూలకణ చికిత్సల వల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు. ఆ డబ్బు థెరపీకి వాడండి.

క్యారియోటైప్ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. అందులో ‘ట్రాన్స్‌లొకేషన్’ (అదనపు 21వ క్రోమోజోమ్ వేరే క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉండటం) అని ఉంటే, మరో బిడ్డ గురించి ఆలోచించే ముందు మీరిద్దరూ రక్తపరీక్ష చేయించుకుని జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. ఎక్కువ మందిలో ఉండేది ‘ట్రైసమీ 21’, అంటే 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటం. అందులో తల్లిదండ్రులకు సాధారణంగా ఆ పరీక్ష అక్కర్లేదు. రెండింట్లో ఏదైనా, గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదో చేసిన పనో దీనికి కారణం కాదు.