స్పానిష్‌కి ఇంగ్లిష్ మీదుగా ఎందుకు వెళ్తున్నారు?

‘మె గుస్తా ఎల్ కఫె’లో ‘నేను’ ఎక్కడుంది, క్రియ కాఫీతో ఎందుకు కలుస్తోంది, బుర్ర తిరిగిపోతోంది అని అడిగారు. తిప్పుతున్నది స్పానిష్ కాదండీ, మధ్యలో మీరు కూర్చోబెట్టిన ఇంగ్లిష్. నాకు కాఫీ నచ్చుతుంది, అంతే. పాటలైతే మనం ‘నచ్చుతాయి’ అంటాం, వాళ్లు ‘గుస్తాన్’ అంటారు. ఇందులో అర్థం కాకపోవడానికేముంది?

మెక్సికోలోని గ్వాదలహారాలో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు నేనూ ఇంకో తెలుగబ్బాయీ ఒక పెద్దావిడ మేడ మీద అద్దెకుండేవాళ్లం. ఒకరోజు కింద ధన్‌మని చప్పుడైతే పరిగెత్తాం. వంటింటి నిండా ఫ్రిహోలెస్, అదే మన రాజ్మా లాంటివి, మట్టిపాత్ర ముక్కలు ముక్కలు. ఆవిడ తల పట్టుకుని ‘సె మె రొంపియో లా కసువేలా’, అంటే ‘నాకు పాత్ర పగిలిపోయింది’ అంది. అంతా తుడిచి పైకి వచ్చామో లేదో మావాడు మొదలుపెట్టాడు, చూశావా, తను పగలగొట్టి అదే పగిలిందంటోంది, తప్పు ఒప్పుకోవడం వీళ్ల భాషలోనే లేదు అని పెద్ద థియరీ. నాకు నవ్వాగలేదు. ఒరేయ్, మీ అమ్మ చేతిలో గ్లాసు జారితే ‘నేను గ్లాసు పగలగొట్టాను’ అంటుందా? ‘అయ్యో, చేయి జారి పగిలిపోయిందిరా’ అంటుంది. మనకి పగలగొట్టడం వేరు, పగిలిపోవడం వేరు. వాళ్లు ‘సె’ పెట్టి ఆ తేడా చూపిస్తారు, ‘మె’ పెట్టి అది నా చేతిలోనే జరిగిందంటారు. వాడు మాత్రం ఒప్పుకోలేదు, యాప్‌లో అలా లేదట.

ఆ యాప్‌లూ కోచింగులూ ‘సెర్’, ‘ఎస్తార్’ అనే రెండు క్రియల మీద (రెండూ ఇంగ్లిష్ ‘be’ లాంటివే) పట్టికలు ఇచ్చి చంపుతాయి, ఒకటి శాశ్వతానికి, ఇంకొకటి తాత్కాలికానికి అని. మరి చనిపోయినవాడిని ‘ఎస్తార్’తోనే ‘ఎస్తా ముయెర్తో’ అంటారే, అది తాత్కాలికమా? మీకో చిట్కా చెప్తాను. ‘పెళ్లి తిరుపతిలో’ అన్నప్పుడు మనకి ‘ఉంది’ అక్కర్లేదు, అక్కడ ‘సెర్’ రూపం ‘ఎస్’. ‘పెళ్లికూతురు తిరుపతిలో ఉంది’, అక్కడ ‘ఎస్తా’. ‘ఆవిడ టీచర్’ అంటే ‘ఎస్’, ‘ఆవిడ ఇంట్లో ఉంది’ అంటే ‘ఎస్తా’. పొడుగ్గా ఉంటాడు లాంటి చోట్ల ఇది పనిచేయదు, సరే, అయినా ఆ పట్టికల కంటే నయమే.

స్పానిష్‌లో మనుషుల్ని చెప్పే పదాల ముందు వచ్చే ‘ఆ’ అనే చిన్న మాట కూడా అంతే, మన ‘-ని’ లాంటిది. ‘పుస్తకం వెతుకుతున్నా’ అంటాం గానీ ‘అన్న వెతుకుతున్నా’ అంటే అన్నే దేన్నో వెతుకుతున్నట్టుంటుంది, ‘అన్నని’ అనాల్సిందే. వాళ్లదీ అదే పద్ధతి, ‘బుస్కో మి లిబ్రో’, కానీ ‘బుస్కో ఆ మి ఎర్మానో’.

వస్తువుల లింగాల దగ్గర మాత్రం తెలుగు మనల్ని ఆదుకోదు. ‘మానో’ అంటే చెయ్యి, చివర ‘ఓ’ ఉండి కూడా స్త్రీలింగం, ‘ప్రొబ్లెమా’ చివర ‘ఆ’ ఉండి పుంలింగం. వాటిని ‘లా మానో’, ‘ఎల్ ప్రొబ్లెమా’ అని జంటగా బట్టీ పట్టండి, లాజిక్ వెతక్కండి.