తేనీటి రుచి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నీలగిరి చలికాలపు టీలో పూల పరిమళం ఉంటుందని మీరు ఈ శీర్షికలో రాశారు. మావారు కూనూరు వెళ్లినప్పుడు అలాంటి టీ అక్కడే తాగి, బాగుందని వంద గ్రాములు కొనుక్కొచ్చారు. పెరంబూరులో మా ఇంట్లో కాస్తే ఆ రుచి రావడం లేదు, వగరు మాత్రమే తెలుస్తోంది. లోపం ఆకులో ఉందా, మా నాలుకలో ఉందా?
(ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: రెండింటిలోనూ లేదమ్మా. ముందుగా అనుమానించవలసింది నీటి వేడిని, ఆ తరువాత నీటిని. కూనూరు సముద్రమట్టానికి సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సముద్రం ఒడ్డునున్న మన చెన్నైలో 100 డిగ్రీలకు గాని మరగవు. చలికి చిగురు నెమ్మదిగా ఎదిగే డిసెంబరు, జనవరి నెలల్లో కోసిన ఆకును కొన్ని తోటలవారు పూర్తిగా నల్లబడనివ్వకుండా మధ్యలోనే ఆపి ఆరబెడతారు. అటువంటి సుకుమారమైన ఆకు మీద సలసల కాగే నీళ్లు పోసి అయిదారు నిమిషాలు మూతపెడితే, వగరు ముందుకు వచ్చి పరిమళాన్ని కప్పేస్తుంది. నీళ్లు మరిగాక పొయ్యి మీద నుంచి దింపి, రెండు నిమిషాలు ఆగి పోయండి. మూడు నిమిషాలకల్లా వడకట్టండి.

నీటి సంగతి ఇంతకన్నా పెద్దది. చెన్నై కుళాయిలో వచ్చేది ఎప్పుడూ ఒకే నీరు కాదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీరు, వీరాణం నుంచి గొట్టాల్లో వచ్చే నీరు, నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రపు నీరు, తెలుగు గంగ కాలువ ద్వారా 1996 నుంచి ఆంధ్ర ప్రాంతాల మీదుగా పూండికి చేరుతున్న కృష్ణా నీరు: వీటిలో ఏది ఏ పేటకు ఎప్పుడు వస్తుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. ఇక బోరు నీళ్లు వాడే ఇళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయినప్పుడు మా వీధికి ట్యాంకరు నీళ్లే దిక్కయ్యాయి. ఆ రెండు నెలల్లో తాగిన డార్జిలింగ్ టీలన్నింటికీ ‘వాసన లేదు, రంగు మబ్బుగా ఉంది’ అని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను; వాటిలో ఒకదాని గురించి అచ్చులో కూడా అలాగే రాశాను. ఒక సాయంత్రం కప్పును కిటికీ దగ్గర వెలుగులో వంచి చూస్తే, పైన నూనె పూసినట్టు సన్నని తెట్టు కనిపించింది. చెంచాతో కదిపితే అది నిలవనీటి మీది పాచిలా ముక్కలు ముక్కలుగా చీలి, కప్పు అంచున గోధుమరంగు గీతలా అంటుకుంది. నీటిలోని సున్నపు లవణాలు టీలోని పదార్థాలతో కలిసి కట్టే తెట్టు అది. రెండు చుక్కల నిమ్మరసం పడితే విరిగిపోతుంది. అదే ఆకును క్యాన్ నీళ్లతో చేసి పక్కన పెట్టుకుని తాగితే, రెండు నెలలుగా కనబడని పరిమళం మొదటి గుక్కలోనే వచ్చింది. ఆ తోటవారికి నావల్ల అన్యాయం జరిగింది. మరుసటి సంచికలోనే ఆ సమీక్షను సరిదిద్దాను గాని, మొదట రాసింది చదివి సవరణ చూడనివారు ఎంతమంది ఉన్నారోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ప్రతి సమీక్ష కింద ఏ నీరు, ఎంత వేడి, ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు అన్నది నేను తప్పకుండా రాయడం అప్పుడే మొదలైంది. మీరు కూడా ఒకే ఆకును కుళాయి నీటితో ఒక కప్పు, క్యాన్ నీటితో ఒక కప్పు చేసి, పక్కపక్కన పెట్టుకుని తాగి చూడండి.

ప్రశ్న: డార్జిలింగ్ టీలో ‘మస్కటెల్’ వాసన ఉంటుందని అందరూ రాస్తారు. నేనెన్నడూ చూడని పండు వాసనను టీలో ఎలా పోల్చుకోవాలి?
(ఒక పాఠకుడు, తాంబరం)

జవాబు: మస్కటెల్ అంటే మస్కట్ ద్రాక్ష వాసన. ఆ పండును మీరు తప్పకుండా చూసే ఉంటారు, పేరే వేరు. మన కోయంబేడు మార్కెట్టుకు తేని జిల్లా కంబం లోయ నుంచి వచ్చే పన్నీరు ద్రాక్ష మస్కట్ హాంబర్గ్ రకమే. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక పండు తీసుకుని గింజతో సహా కొరికి, ముక్కుతో గాలి వదలండి. తోలు దగ్గర ఆ రోజాపువ్వు వంటి వాసన, వెనుకనే వచ్చే చిరువగరు: మే, జూన్ నెలల్లో కోసిన మంచి డార్జిలింగ్ టీలో వెతకవలసింది దీన్నే. ఆ కాలంలో పచ్చదోమ అనే చిన్న పురుగులు లేత ఆకుల రసం పీలుస్తాయి. వాటిని ఎదుర్కోవడానికి మొక్క తనలో తయారుచేసుకునే పదార్థాలే ఆ పరిమళానికి మూలం.

ఇంగ్లీషు సమీక్షల్లోని మాటలను తెచ్చి అప్పగించడం నాకు నచ్చదు. మనకు ‘వగరు’ అన్న ఒక్క మాట ఉంది. నాలుకను పట్టి, చెంపలను లోపలికి లాగే ఆ గుణాన్ని అంతకన్నా పొందికగా చెప్పే మాట నాకు మరొకటి తెలియదు. అందులోనూ దోరజామ వగరు వేరు, వక్క వగరు వేరు, నేరేడు వగరు వేరు. మొదటిది టీకి అందం, రెండవది లోపం, మూడవది ఒక్కొక్కసారి అందం, ఒక్కొక్కసారి లోపం. మంచి ఊలాంగ్ టీ మింగిన కాసేపటికి గొంతులో తీపి తిరిగి వస్తుంది; ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగిన ఏ పిల్లవాడికీ దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. చైనావారు లాంగ్‌జింగ్ ఆకును వేడి బాణలిలో అదిమి ఆరబెడతారు గనుక అందులో నాకు వేయించిన పెసరపప్పు వాసన తగులుతుంది. జపానువారు సెంచా ఆకును ఆవిరి పడతారు గనుక అది ఉడికిన ఆకుకూర వాసన వేస్తుంది. మీకు మరొకటి తోస్తే ధైర్యంగా అదే రాసుకోండి.

ప్రశ్న: మీ రాతలు చదివితే పాలు లేని టీయే గొప్పదన్నట్టుంది. మేము మూడు తరాలుగా పాలటీ తాగేవాళ్లం. సీటీసీ టీ గురించి మీరు న్యాయంగా రాయగలరా?
(ఒక పాఠకుడు, షావుకారుపేట)

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారు. నా మొగ్గు ఎటో తెలిస్తేనే నా మాటను ఎంతవరకు పుచ్చుకోవాలో మీరు నిర్ణయించుకోగలరు. ఉదయం నాకు పాలు లేని నీలగిరి ఆకు టీయే కావాలి. పొగ పట్టించిన చైనా టీ నాకు సహించదు, బర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపిన ఎర్ల్ గ్రే కూడా అంతే. వాటి మీద నేను రాసేది ఆ ఇష్టమున్నవారు కొంత తగ్గించి చదువుకోవాలి. సాయంత్రం నాలుగున్నరకు మాత్రం మా వీధి చివర కొట్లో, గుడ్డ సంచిలో వడపోసిన చిక్కటి డికాక్షన్‌ను మరుగుతున్న పాలలో కలిపి టీ మాస్టరు పైనుంచి పోసి ఇచ్చే గ్లాసు టీని నేను ఏ డార్జిలింగ్‌కూ మార్చుకోను.

1930లలో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుడతారు. త్వరగా, చిక్కగా, ఎర్రగా దిగడానికే అలా చేస్తారు. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు టీలోని వగరు పదార్థాలను పట్టుకుని మెత్తబరుస్తుంది. అందుచేత పాల కోసం చేసిన టీని పాలు లేకుండా తాగి ‘మోటుగా ఉంది’ అనడం సమీక్ష కాదు. సీటీసీని నేను పాలతోనే పరీక్షిస్తాను. పాలు పోశాక రంగు ఎర్రమట్టిలా నిలిచిందా, బూడిదరంగులోకి తిరిగిందా, చక్కెర లేకుండా తాగినా టీ రుచి పాల వెనుక దాగిపోకుండా ఉందా అన్నవి చూస్తాను. అల్లం, ఏలకులు మాత్రం సమీక్షరోజున వేయను.

ప్రశ్న: డబ్బా మీద ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అని పొడవుగా ఉంటే మంచి టీ అన్నట్టేనా?

జవాబు: కాదు. అవి ముఖ్యంగా ఆకు పరిమాణాన్ని, మొగ్గలు ఎంత ఉన్నాయన్నదాన్ని చెప్పే అక్షరాలు. కోసిన నెల, తోట పేరు డబ్బా మీద ఉన్నాయేమో చూడండి, అవి మీకు ఎక్కువ పనికివస్తాయి.

ప్రశ్న: మీరు మార్కులు ఎందుకు ఇవ్వరు? అయిదుకు ఎన్ని అని చెబితే కొనడానికి తేలిక కదా?
(ఒక పాఠకురాలు, నంగనల్లూరు)

జవాబు: ఒక ఆకును నేను రెండు విధాల తాగుతాను, రెండింటికీ ఒకే మార్కు వేయడం నాకు చేతకావడం లేదు. మొదటిది పరీక్ష. ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదట 1980లో వెలువడింది. దాని ప్రకారం 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు వేసి, తెల్లని పింగాణీ పాత్రలో మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి ఆరు నిమిషాలు ఉంచాలి. తాగడానికి అది మితిమీరిన గాఢత, కాని మాడు వాసన, నిల్వ వాసన, ముతకదనం దాగవు. అప్పుడు చెంచాతో జుర్రుమని గాలితో సహా పీలుస్తాను. పరిమళం గొంతు వెనుక నుంచి ముక్కుకు ఎక్కాలంటే అదే దారి. మిగిలిన పిప్పిని మూత మీద పరచి, ఆకు ఎంత విచ్చుకుంది, రంగు సమంగా ఉందా అన్నది చూస్తాను. రెండవది మరునాడు, మూడు నిమిషాలే ఉంచి, నెమ్మదిగా, ఒక కప్పు నిండా. మొదటి దానిలో ఏ లోపమూ కనబడని టీలు కొన్ని రెండవదానిలో ఏమీ చెప్పకుండా చల్లారిపోతాయి. మొదటిదానిలో కాస్త గరుకుగా తోచినవి కొన్ని రెండవ కప్పు కావాలనిపిస్తాయి.

అందుకే ప్రతి సమీక్ష చివర ఒక్క విషయం చెబుతున్నాను: ఆ టీని నేను డబ్బిచ్చి కొన్నానా, తోటవారు ఉచితంగా పంపారా, అయిపోయాక నా సొంత డబ్బుతో మళ్లీ కొన్నానా. పోయిన సంవత్సరం నేను సమీక్షించినవాటిలో మళ్లీ కొన్నవి రెండే. ఒకటి చలికాలపు నీలగిరి, రెండవది మీ పేటలోనే కిరాణా కొట్లో కాగితపు పొట్లంలో దొరికే డస్ట్ టీ.